నిర్దోషి అన్నదీ మీరే, చంపమన్నదీ మీరే

క్రీ.పూ. 399లో ఏథెన్స్ కోర్టులో సోక్రటీస్ కేసు విని, మొదటి ఓటు ఒకలా, రెండో ఓటు ఇంకోలా వేసిన 80 మందికి బహిరంగ లేఖ

అయ్యలారా,

'అమ్మలారా' అని కూడా రాసేవాణ్ణే. మీ కోర్టులో ఆడవాళ్లకు చోటు లేదు కాబట్టి రాయడం లేదు.

మీ పేర్లు నాకు తెలియవు. ఎవరికీ తెలియవు. ఫిర్యాదు చేసిన మెలిటస్, అనైటస్, లైకాన్‌ల పేర్లు మిగిలాయి. ముద్దాయి డబ్బు కట్టలేకపోతే మేం హామీ అన్న ప్లేటో, క్రిటో, క్రిటోబులస్, అపొల్లోడోరస్‌ల పేర్లూ మిగిలాయి. మీ దగ్గరికి వచ్చేసరికి మిగిలింది ఒక్క అంకె, 80. అది కూడా మీ తర్వాత ఆరు వందల ఏళ్లకు డయోజినీస్ లేర్షియస్ అనే ఆయన రాసిపెట్టబట్టి. దోషి అని ఓటేసినవాళ్లకంటే మరణశిక్షకు ఓటేసినవాళ్లు 80 మంది ఎక్కువ అన్నాడాయన. ప్లేటో ఇంకో లెక్క చెప్పాడు. 30 ఓట్లు అటు మళ్లి ఉంటే సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయేవాడని. మీరంతా 500 మంది అనుకుని ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే, మొదటి ఓటులో దోషి అన్నవాళ్లు 280, కాదన్నవాళ్లు 220. రెండో ఓటులో చావు అన్నవాళ్లు 360, వద్దన్నవాళ్లు 140.

ఆ తేడా మీరే. ఈ మనిషి ఏ నేరమూ చేయలేదని ఒకసారి చెప్పి, అదే రోజు, పొద్దు గుంకకముందే, ఆయన్ని చంపండి అని ఇంకోసారి చెప్పినవాళ్లు. లెక్కలో పదిమంది అటూ ఇటూ అయితే అవుతారేమో గానీ మీరు లేకుండా పోరు.

మీ కోర్టు సంగతి మావాళ్లకు రెండు ముక్కల్లో చెప్పి మళ్లీ మీ దగ్గరికి వస్తాను. అక్కడ నల్లకోటు లేదు, బల్ల మీద సుత్తి లేదు, ఎవరి తరఫునా ప్లీడరు లేడు. ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. ఏటా 6,000 మంది పౌరులను చీటీలు తీసి జ్యూరీకి ఎంచేవారు. 30 ఏళ్లు నిండిన మగవాళ్లు. వాళ్లలోంచి కేసుకు కొన్ని వందలమంది. రోజుకు మూడు ఒబోల్స్ భత్యం, అంటే అర డ్రాక్మా. మాట్లాడే సమయాన్ని కుండలోంచి కారే నీళ్లతో కొలిచేవారు. ఎంత పెద్ద కేసైనా ఒక్క రోజులో తేలిపోవాలి. జ్యూరీవాళ్లు ఒకరితో ఒకరు చర్చించుకునే పద్ధతి లేదు, వింటారు, వెంటనే ఓటేస్తారు. దోషి అని తేలితే, శిక్ష చట్టంలో రాసిలేని కేసుల్లో ఫిర్యాదుదారు ఒక శిక్ష అడుగుతాడు, ముద్దాయి ఒకటి చెప్తాడు. ఆ రెండింటిలో ఒకదానికే రెండో ఓటు వేయాలి. మధ్యేమార్గం లేదు. అప్పీలు లేదు.

ఇదంతా మీకు తెలిసిందే. మీరు రోజూ చేసే పనే.

నేను ఆ 280 మందికి ఉత్తరం రాయడం లేదు. వాళ్లు తప్పు చేశారనే నా అభిప్రాయం. కానీ వాళ్ల భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు కొంత అర్థమవుతుంది. క్రీ.పూ. 404లో మీరు స్పార్టా చేతిలో ఓడిపోయారు. గోడలు కూల్చారు. ముప్పై మంది నియంతలు మీ నెత్తిన కూర్చున్నారు. ఏడాది కూడా నిండని వాళ్ల పాలనలో 1,500 మందికి తక్కువ కాకుండా చంపారు. వాళ్ల నాయకుడు క్రిటియాస్, ఒకప్పుడు సోక్రటీస్ చుట్టూ తిరిగినవాడు. వాళ్లకు పైరియస్ రేవులో ఏలుబడి చేసిపెట్టిన పదిమందిలో ఒకడైన ఛార్మిడీస్ కూడా ఆయన గుంపులోవాడే. అంతకుముందు మిమ్మల్ని సిసిలీ యుద్ధానికి ఎగదోసి, తీరా తన మీద కేసు పడేసరికి స్పార్టాకు పారిపోయిన ఆల్సిబయడీస్ సరేసరి. 403లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక పాత పగలు ఎత్తకూడదని మీరంతా ప్రమాణం చేశారు. గొప్ప పని అది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కాకపోతే ఆ ప్రమాణం వల్ల క్రిటియాస్ పేరు ఫిర్యాదులో రాయడానికి వీల్లేదు. దాంతో 'ఊరు కొలిచే దేవుళ్లను ఒప్పుకోడు, కొత్త దైవశక్తులను తెస్తున్నాడు, కుర్రాళ్లను చెడగొడుతున్నాడు' అని రాశారు. 'చెడగొట్టిన కుర్రాళ్లు' అంటే ఎవరో కోర్టులో ఉన్న ప్రతివాడికీ తెలుసు. యాభై ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 345లో, ఈస్కినిస్ అనే వక్త ఇంకో జ్యూరీ ముందు నిలబడి దాపరికం లేకుండా చెప్పేశాడు: క్రిటియాస్‌కు చదువు చెప్పాడనే కదా మీరు సోక్రటీస్‌ను చంపారు అని.

అన్నదమ్ములను పోగొట్టుకున్నవాళ్లు, ఊరొదిలి పారిపోయి తిరిగొచ్చినవాళ్లు ఆ బల్లల మీద కూర్చున్నారు. అనైటస్ అలా తిరిగొచ్చినవాడే. వాళ్లకు ఆ ముసలాయన్ని చూస్తే ఒళ్లు మండటంలో వింతేమీ లేదు.

మీరు వేరు. మీకూ అదే చరిత్ర ఉంది, అవే పోయిన ప్రాణాలు ఉన్నాయి. అయినా మీరు విన్నారు. సలామిస్ నుంచి లియోన్‌ను పట్టుకురమ్మని ఆ ముప్పై మందే సోక్రటీస్‌ను, ఇంకో నలుగురిని పంపితే, ఆ నలుగురూ సలామిస్ వెళ్లారు, సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పని తన ప్రాణం మీదికి వస్తుందని తెలిసే. ఆయన ఇది చెప్తే మీరు నమ్మారు. అంతకుముందు 406లో, ఆర్జినూసే సముద్రయుద్ధం గెలిచి వచ్చిన సేనానులను, తుపానులో మునిగిపోతున్నవాళ్లను కాపాడలేదని, అందరినీ కలిపి ఒకే ఓటుతో చంపబోతే, అది చట్టవిరుద్ధం అని సభ నడిపేవాళ్లలో గట్టిగా నిలబడ్డవాడు సోక్రటీస్ ఒక్కడే. ఆరుగురు సేనానులను చంపాక మీరే బాధపడి, మిమ్మల్ని రెచ్చగొట్టినవాళ్ల మీద కేసులు పెట్టారు. నియంతలకూ లొంగని, గుంపుకూ లొంగని మనిషి అని మీకు అర్థమైంది. పోటిడియాలో, డీలియంలో, యాంఫిపోలిస్‌లో మీతో కలిసి యుద్ధం చేసిన మనిషి. అరిస్టోఫనీస్ 423లో తన నాటకంలో ఆయన్ని బుట్టలో కూర్చోబెట్టి గాల్లో వేలాడదీస్తే అందరితోపాటు మీరూ నవ్వి ఉంటారు. కానీ నాటకం వేరు, కేసు వేరు అని కూడా తెలుసుకున్నారు.

ఇంత తెలుసుకుని నిర్దోషి అని ఓటేశారు. అందుకే ఈ ఉత్తరం మీకు.

రెండు ఓట్ల మధ్య ఏం జరిగిందో చూద్దాం. కొత్త సాక్షి ఎవరూ రాలేదు. కొత్త ఆధారం లేదు. జరిగిందల్లా ఆయన మళ్లీ మాట్లాడాడు. అంతే.

ఆ మాటలు ప్లేటో రాసిపెట్టాడు. ఇంకా 30 నిండని కుర్రాడు, మీ కళ్లెదుటే ఉన్నాడు. మెలిటస్ మరణశిక్ష అడిగాడు. నీకేం శిక్ష వేయమంటావని ముద్దాయిని అడిగితే, నేను చేసినదానికి నాకు తగినది ప్రితానియంలో భోజనం అన్నాడాయన. ఊరి ఖర్చుతో, ఒలింపిక్స్‌లో గెలిచినవాళ్లకు పెట్టే భోజనం. గుర్రప్పందెం గెలిచినవాడి వల్ల మీరు సుఖంగా ఉన్నట్టు అనిపిస్తుంది, నా వల్ల నిజంగానే సుఖంగా ఉంటారు, పైగా వాడికి తిండికి లోటు లేదు, నాకు ఉంది అన్నాడు.

మా గోదావరి జిల్లాల్లో దీన్ని వెటకారం అంటారు. ఆ మాటకు మీ గ్రీకులోనూ ఒక పదం ఉంది, అది ఇంగ్లీషులో 'ఐరనీ' అయి ప్రపంచమంతా తిరిగి వచ్చింది. వెటకారం చేసేవాణ్ణి మావాళ్లు అరుగు మీద ఇష్టపడతారు, పంచాయితీలో సహించరు. మీరూ అంతే అయ్యుంటారు.

ఆ తర్వాత ఆయన ఒక మినా జరిమానా ఇవ్వగలనన్నాడు. ఇదింకా పెద్ద అవమానంలా తోచి ఉంటుంది. ప్రాణం ఖరీదు ఒక్క మినానా? కానీ లెక్క వేసి చూడండి. మినా అంటే 100 డ్రాక్మాలు, మీకిచ్చే రోజువారీ భత్యం ప్రకారం 200 రోజుల డబ్బు. సోక్రటీస్ శిష్యుల్లోనే ఒకడైన జెనోఫన్ రాసినదాన్ని బట్టి, ఇల్లూ సామానూ అంతా కలిపి మంచి బేరగాడు దొరికితే తనకు 5 మినాలు వస్తాయని సోక్రటీసే ఒకసారి చెప్పుకున్నాడు. అంటే ఆ మనిషి తన మొత్తం ఆస్తిలో ఐదో వంతు మీ ముందు పెట్టాడు. మీకు అది చిల్లరలా వినిపించింది. వెనకనుంచి మిత్రులు సైగలు చేస్తే దాన్ని 30 మినాలకు పెంచాడు. 3,000 డ్రాక్మాలు. మీ 6,000 మంది జ్యూరీకి ఒక రోజంతా భత్యం ఇవ్వడానికి సరిపోయే డబ్బు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ అప్పటికే మీ చెవుల్లో భోజనం మాట గింగురుమంటోంది.

మీ తరఫున ఒక వాదన ఉంది, అది కూడా చెప్పాలి. మొదటి ఓటుతో దోషి అని తేలిపోయింది, మెజారిటీ తీర్పును మీరు ఒప్పుకోవాలి, రెండో ఓటులో 'నేను నిర్దోషి అన్నాను కదా' అనడానికి లేదు, దోషి అనుకునే శిక్ష ఎంచాలి. చట్టం తెలిసినవాళ్లు ఇలా అంటారు. సబబే. ఆ ప్రకారం చూస్తే ఒకపక్క చావు, ఇంకోపక్క, మీ కళ్లకు, పరాచికం. దోషి అని తేలినవాడికి పరాచికం శిక్షగా వేయలేం కదా అని మీరు అనుకుని ఉండొచ్చు. పైగా అనైటస్ మొదట్లోనే ఒక మాట అన్నాడట. ఇతన్ని అసలు కోర్టుకు తేకుండా ఉండాల్సింది, తెచ్చాక మాత్రం చంపక తప్పదు, వదిలేస్తే మీ కొడుకులంతా చెడిపోతారు అని. మొదటి ఓటుకు ముందు అది మీకు బెదిరింపులా వినిపించి ఉంటుంది. రెండో ఓటప్పుడు అదే మాట తర్కంలా వినిపించిందేమో.

అనైటస్ మాటను ఇంకోసారి విప్పి చూడండి. వదిలేస్తే ప్రమాదం కాబట్టి చంపాలి అంటున్నాడు తప్ప, చంపేంత నేరం చేశాడు అనడం లేదు. కేసు పెట్టాం గనక శిక్ష వేయాలట. శిక్షంటూ వేస్తే పెద్దదే వేయాలట. ఇలాంటి లాజిక్ మా ఆఫీసుల్లోనూ బోలెడంత నడుస్తుంది, ఫైలు కదిలిందంటే ఏదో ఒకటి తేల్చాల్సిందే అంటారు.

సోక్రటీస్ దేశబహిష్కరణ అడిగి ఉంటే మీరు ఒప్పుకునేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పైకి అన్నాడు కూడా. అడగలేదు. ఈ వయసులో ఊరూరా తిరగమంటారా, ఎక్కడికెళ్లినా కుర్రాళ్లు నా మాట వినడానికి వస్తారు, వాళ్లను తరిమితే వాళ్లే నన్ను వెళ్లగొడతారు, రానిస్తే వాళ్ల నాన్నలు వెళ్లగొడతారు అన్నాడు. ఇది పొగరు అనుకున్నారు మీరు. నాకు ఇది డెబ్బై ఏళ్ల మనిషి ఓపిక లెక్కలా వినిపిస్తుంది.

జెనోఫన్ ఇంకో రకంగా చెప్తాడు. ఆయన ఆ రోజు కోర్టులో లేడు, దూరదేశంలో కిరాయి సైన్యంతో ఉన్నాడు, తర్వాత విని రాశాడు. ఆయన లెక్కలో సోక్రటీస్ కావాలనే అలా మాట్లాడాడు. చూపు మందగించి, వినికిడి తగ్గి, నేర్చుకున్నది మరిచిపోతూ బతకడం కంటే ఇప్పుడే పోవడం మేలనుకున్నాడట. దీన్ని పట్టుకుని మీలో కొందరు ఊరట పొంది ఉంటారు. ఆయన అడిగిందే మేం ఇచ్చాం అని. నాకు అది అతకదు. చావు కావాలనుకున్న మనిషి మిత్రుల చేత 30 మినాలకు హామీ ఇప్పించడు. అయినా ముద్దాయికి బతకాలని ఎంత ఉందో కొలవడం మీ పని కాదు. ఆయన చేసింది ఏమిటో చూడటమే మీ పని.

మీ కోర్టుల్లో మామూలుగా ఏం జరిగేదో మాకు తెలుసు. ముద్దాయి పెళ్లాంపిల్లలను తెచ్చి ముందు నిలబెట్టేవాడు. పిల్లలు ఏడిస్తే మీరు కరిగేవారు. సోక్రటీస్‌కు ముగ్గురు కొడుకులు. ఒకడు ఎదిగొచ్చినవాడు, ఇద్దరు చిన్నపిల్లలు. నాకూ కొడుకులున్నారు, కానీ వాళ్లను ఇక్కడికి తీసుకురాను అని చెప్పాడు. నాకంటే తక్కువ ప్రమాదంలో ఉండి కూడా మీలో ఎవరైనా ఇలాంటి ఏడుపులు ఏడ్చి ఉంటే, అది గుర్తొచ్చి నా మీద కోపంతో ఓటేస్తారేమో అని కూడా అన్నాడు. నన్నడిగితే ఆయన మొత్తం మాటల్లో మీకు అన్నిటికంటే గట్టిగా తగిలింది ఇదే. భోజనం మాట నవ్వు తెప్పించే వెటకారం. ఇది మాత్రం సూటిగా మీ ముఖం చూసి అన్నది. మీలో ఎంతమంది ఒకప్పుడు అదే చోట పిల్లల్ని నిలబెట్టి ఏడ్పించి బయటపడ్డారో!

ఇక నా సంగతి. ఇంతసేపు మిమ్మల్ని నిలదీశాను, నా గురించి చెప్పకపోతే బాగుండదు.

నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్ల కిందట ఒక పరీక్షలో స్లిప్పు దొరికిందని ఒక కుర్రాణ్ణి కమిటీ ముందు నిలబెట్టారు. కమిటీలో నేనొకణ్ణి. చేతిరాత వాడిది కాదు, బెంచీ కింద ఎవరైనా పడేసి ఉండొచ్చు, నేను తప్పు లేదన్నాను. మిగతా ముగ్గురూ ఉందన్నారు. సరే, తేలిపోయింది, ఇక శిక్ష. ప్రిన్సిపాల్ మంచిగానే చెప్పారు, క్షమాపణ ఉత్తరం రాయి బాబూ, ఒక్క పేపరుతో పోతుంది అని. ఆ కుర్రాడు నిలబడి, "నేను చేయనిదానికి నేనెందుకు సారీ చెప్పాలి సార్? సారీ చెప్పాల్సింది మీరు" అన్నాడు. నా వైపు కూడా చూసే అన్నాడు. నేనొక్కణ్ణే వాడి పక్షం మాట్లాడానని వాడికి తెలియదు. నాకు చర్రున ఎక్కింది. మొత్తం పరీక్షలు రద్దు చేయాలని కాగితం నా దగ్గరికి వస్తే సంతకం పెట్టేశాను. వాడికి ఆ ఏడాది పోయింది. నేను ఆ మధ్యాహ్నం మామూలుగానే అన్నం తిన్నాను, క్లాసుకు వెళ్లాను.

కుర్రాడు తప్పు చేశాడని ఆ సంతకం పెట్టే క్షణంలో కూడా నేను అనుకోలేదు. వాడి మాటతీరుకు సంతకం పెట్టాను. మీ 80 మంది గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు టెన్షన్ వచ్చింది అంటే నవ్వకండి.

మళ్లీ మీ సంగతికి వస్తాను. ఒక్క రోజులో తేల్చేయాల్సి రావడం గురించి సోక్రటీస్ కోర్టులోనే అన్నాడు. ప్రాణాల మీదికి వచ్చే కేసులు ఒక్క రోజులో కాకుండా చాలా రోజులు విచారించాలనే చట్టం మీకూ ఉంటే మిమ్మల్ని ఒప్పించగలిగేవాణ్ణి అని. ఇందులో వెటకారం లేదు. మీ ఊరి చరిత్రే దీనికి సాక్ష్యం. మీలో యాభై దాటినవాళ్లకు క్రీ.పూ. 427 గుర్తుండే ఉంటుంది. తిరగబడిన మైటిలీన్ ఊళ్లో మగవాళ్లందరినీ చంపాలని, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మాలని సభలో చేతులెత్తారు. ఆ కబురుతో ఓడ వెళ్లిపోయింది. తెల్లారేసరికి మీకే మనసొప్పలేదు. మళ్లీ సభ పెట్టి, కొద్ది తేడాతో ఆ నిర్ణయం మార్చి, రెండో ఓడను పంపారు. మొదటిది ఒక పగలూ రాత్రీ ముందుంది. రెండో ఓడవాళ్లు తెడ్లు వదలకుండానే ద్రాక్షసారాలో, నూనెలో కలిపిన బార్లీ పిండి తింటూ, వంతులవారీగా కునుకు తీస్తూ నడిపారు. మొదటి ఓడలో వెళ్లినవాళ్లకు అలాంటి పని మీద పోతున్నామన్న తొందర లేదు. ఉత్తర్వు చదివి అమలు చేయబోతుండగా రెండోది చేరింది. ఆ తర్వాత కూడా తిరుగుబాటుకు కారకులంటూ వెయ్యిమందికి పైగా చంపారనుకోండి, అది వేరే సంగతి. ఒక్క రాత్రి నిద్రపోయి లేస్తే మీ ఊరు ఎలా మారుతుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

సోక్రటీస్ విషయంలో మీకు దొరికింది ఒక్క రాత్రి కాదు, 30 రాత్రులు.

అది కూడా ఓడ వల్లే. మీ పురాణ వీరుడు థీసియస్ మొక్కు తీర్చడానికి మీరు ఏటా డెలోస్ ద్వీపానికి ఓడ పంపుతారు. అది వెళ్లి తిరిగొచ్చేదాకా ఊళ్లో ఎవరినీ చంపకూడదు, ఊరు మైలపడకూడదు. విచారణకు ముందురోజే ఓడకు పూలదండ వేశారు. దాంతో శిక్ష ఆగింది. ఎదురుగాలులకు ఓడ రాక ఆలస్యమైన ఆ నెల రోజులూ ఆయన జైల్లో, సంకెళ్లతో ఉన్నాడు. ఈసప్ కథలకు పద్యాలు కట్టుకుంటూ కాలక్షేపం చేశాడు. మిత్రులు రోజూ తెల్లవారుజామునే కోర్టు దగ్గర కలుసుకుని, జైలు తలుపు తెరిచేదాకా కబుర్లు చెప్పుకునేవారట. జైలు కోర్టుకు దగ్గర్లోనే. మీలో ఎవరైనా ఆ నెల్లో మళ్లీ జ్యూరీకి వచ్చి ఉంటే ఆ గుంపును చూసే ఉంటారు. పలకరించారా?

రెండో ఓడ పంపడానికి మీకు చట్టం లేదు, ఒప్పుకుంటాను. సభ నిర్ణయాన్ని సభ మార్చగలదు గానీ కోర్టు తీర్పును కోర్టు మార్చలేదు. అయితే జైలు తలుపు అంత గట్టిదేమీ కాదు. క్రిటో వచ్చి, డబ్బు సిద్ధంగా ఉంది, కాపలావాళ్లకు ఇవ్వాల్సింది పెద్ద మొత్తమేమీ కాదు, థెస్సలీలో నా వాళ్లున్నారు పద అన్నాడు. నువ్వు రాకపోతే, ఖర్చుకు వెనకాడి మిత్రులే నిన్ను వదిలేశారని జనం అంటారు అని కూడా అన్నాడు. అంటే ఆయన పారిపోతే అభ్యంతరం చెప్పేవాళ్లు ఎక్కువమంది లేరన్నమాట. బహుశా మీరూ అదే కోరుకుని ఉంటారు. చావుకు ఓటేసి, మనసులో మాత్రం ఎలాగోలా తప్పించుకుపోతే బాగుండు అనుకోవడం. ఆయన వెళ్లలేదు. డెబ్బై ఏళ్లు ఈ ఊరి చట్టాల కింద బతికి, నాకు వ్యతిరేకంగా తీర్పు వచ్చిందని గోడ దూకను అన్నాడు. మీరు కాపాడని చట్టాన్ని ఆయన కాపాడాడు.

ఓడ సూనియన్ కొస దాకా వచ్చిందన్న కబురు తెలిసింది. ఆఖరి రోజు గురించి ఎక్కువ రాయను, అది అందరికీ తెలిసిందే. ఆడవాళ్లకు శవానికి స్నానం చేయించే పని తప్పించడానికి తనే ముందు స్నానం చేశాడు. జైలు ఉద్యోగి చెప్పాల్సింది చెప్పి ఏడ్చుకుంటూ వెళ్లాడు. విషం హెమ్లాక్. మా వంటింట్లో ధనియాలు, జీలకర్ర, వాము ఏ కుటుంబానివో అదీ ఆ కుటుంబం మొక్కే, కొత్తిమీర పూతలాంటి తెల్లటి పూత. మొదట పాదాలు చల్లబడతాయి, ఆ చలి పైకి పాకుతుంది. వైద్యదేవుడు అస్క్లీపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం, మరిచిపోకుండా తీర్చెయ్యండి అని క్రిటోకు చెప్పి పోయాడు.

తర్వాత మీరంతా పశ్చాత్తాపపడ్డారని, మెలిటస్‌ను చంపారని, సోక్రటీస్‌కు కంచు విగ్రహం పెట్టారని కూడా ఉంది. రాసింది అదే డయోజినీస్ లేర్షియస్. మీ అంకె చెప్పినాయనే కాబట్టి నేను ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తే మీరు నవ్వుతారు. కానీ ప్లేటో, జెనోఫన్ ఇద్దరూ మీ పశ్చాత్తాపం ఊసెత్తలేదు. మీరు అంత బాధపడి ఉంటే వాళ్లు రాయకుండా ఉండేవాళ్లు కాదు.

ఆ రోజు మీరు వినలేక ముగించిన మాటలు ఎంత దూరం వచ్చాయో చెప్తే మీకు నమ్మకం కలగదు. 1908లో దక్షిణాఫ్రికాలో ఉన్న మా గాంధీ ఆ కోర్టు ప్రసంగాన్ని గుజరాతీలోకి సంగ్రహించి తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో వేశారు. సత్యవీరుడి కథ అని పేరు పెట్టారు. పుస్తకంగా వచ్చిన ఆ కథను 1910లో బొంబాయి ప్రభుత్వం నిషేధించింది. చనిపోయి 2,300 ఏళ్లు దాటిన మనిషి మాటతీరు ఇంకొక ప్రభుత్వానికి కూడా నచ్చలేదు.

ఇక ఒక్కటే అడుగుతాను. చాలా ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

విచారణ అంతటా సోక్రటీస్ మిమ్మల్ని 'ఏథెన్స్ మనుషులారా' అనే పిలిచాడు. అందరూ అనేలా 'న్యాయమూర్తులారా' అనలేదు. రెండో ఓటు అయిపోయాక, అధికారులు కాగితాల పనిలో ఉండగా, ఆయనకు కొద్దిసేపు దొరికింది. ముందు తనకు చావు వేసినవాళ్లతో మాట్లాడాడు. తర్వాత, నన్ను విడిచిపెట్టాలని ఓటేసినవాళ్లు కాసేపు ఉండండి, జరిగినదాని గురించి మీతో మాట్లాడాలి, నన్ను తీసుకెళ్లేదాకా కబుర్లు చెప్పుకోవడానికి అడ్డేముంది అన్నాడు. వాళ్లను మాత్రమే మొదటిసారి న్యాయమూర్తులారా అని పిలిచాడు.

మొదటి ఓటులో మీరు ఆయన్ని విడిచిపెట్టాలన్నారు. రెండో ఓటులో చంపమన్నారు. ఓటు రహస్యం, ఎవరు ఎటు వేశారో పక్కవాడికి కూడా తెలియదు. ఆయన ఆ మాట అన్నప్పుడు కొందరు భత్యం తీసుకోవడానికి లేచి ఉంటారు, కొందరు దగ్గరగా జరిగి ఉంటారు. మీరు లేచారా, కూర్చున్నారా?

ఇట్లు,
ఒకసారి సంతకం పెట్టినవాడు